పక్క గది అడిగిన ప్రశ్న

మాడిసన్, అమెరికా. అక్టోబరు, మంగళవారం రాత్రి.

ఈ రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. చదివాను, కాస్త రాశాను, మధ్యాహ్నం ఒకరి పేపర్ విన్నాను. అయినా రాసిపెట్టుకోవాలనిపిస్తోంది. పొద్దున్నించి రాత్రి దాకా ఒకే ఆలోచన వెంట నడిచిన రోజులు నా ఉద్యోగ జీవితంలో చాలా తక్కువ.

విస్కాన్సిన్ యూనివర్సిటీ లా స్కూల్ బాస్కమ్ హిల్ అనే గుట్ట మీద ఉంది. గుట్టకు ఒక పక్క మెండోటా సరస్సు, పైన లింకన్ విగ్రహం. ఆ గుట్ట మీదే 2019లో పెట్టిన ఒక ఫలకం ఉంది. ఈ నేల హో-చంక్ అనే ఆదివాసీ జాతి వాళ్ళదని, 1832లో ఒప్పందం పేరుతో బలవంతంగా వాళ్ళ చేత వదిలించారని అందులో చెప్పారు. ఏజెన్సీ భూముల కేసుల మీద పనిచేసే నేను దాన్ని చదవకుండా దాటి వెళ్ళలేను. ఈ పొద్దున కూడా ఆగాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆగాను.

నాకు ఇక్కడ ఇచ్చింది ఒక చిన్న గది, లైబ్రరీ కార్డు, బోలెడు సమయం. నెలనెలా ఖర్చులకు డబ్బు, భారత్, అమెరికా ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ నుంచి వస్తుంది. పాఠాలు చెప్పక్కర్లేదు. అడిగేది ముఖ్యంగా రెండే. ఈ ఊళ్ళోనే ఉండి పనిచేయాలి, ఒకసారి అందరి ముందు నా పరిశోధన చెప్పాలి. మొదట్లో ఆ మొదటి షరతు ఎందుకో నాకు అర్థం కాలేదు. కేసు పుస్తకాలన్నీ కంప్యూటర్లో దొరుకుతున్న రోజుల్లో ఇంత దూరం వచ్చి కూర్చోవడం దేనికి అనుకున్నాను. ఈ రోజు మధ్యాహ్నంతో ఆ సందేహం తీరిపోయింది.

పొద్దున పని ఎల్.టి.ఆర్. (భూబదలాయింపు రెగ్యులేషన్) ఆర్డర్లతో మొదలైంది. పాడేరు, రంపచోడవరం వైపు భూబదలాయింపు కేసుల్లో స్పెషల్ డిప్యూటీ కలెక్టర్లు ఇచ్చిన ఆర్డర్లకు ఫొటోలు తీసుకొచ్చాను. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1917 నుంచే చట్టం ఉంది. తర్వాత 1959 రెగ్యులేషన్ వచ్చింది, దాన్ని గట్టిపరుస్తూ 1970లో మనవాళ్ళంతా వన్ ఆఫ్ సెవెంటీ అనే 1/70 వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఒకప్పుడు గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1988లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో ఇంకో అడుగు వేసి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజుకి ఇవ్వకూడదంది. కాగితం మీద ఇంత బలమైన చట్టం దేశంలో తక్కువ. అలాంటప్పుడు ఆ భూములు ఎందుకు తిరిగి రావడం లేదు? నా ప్రాజెక్టు అంతా ఈ ఒక్క ప్రశ్నే.

ఈ ప్రశ్నకు ఈ ఊరే సరైన చోటు. మార్క్ గలాంటర్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది ఈ లా స్కూల్లోనే. కోర్టుకి జీవితంలో ఒక్కసారి వచ్చే మనిషికీ, పదేపదే వచ్చే కక్షిదారుకీ మధ్య తేడా వల్లే, చట్టం అందరికీ ఒకటే అయినా ఉన్నవాడే గెలుస్తుంటాడని 1974లో ఆయన రాసిన వ్యాసం మా రంగంలో అందరూ చదివేదే. 1970లో యేల్ లా స్కూల్లో సీనియర్ ఫెలోగా ఉన్నప్పుడు ఒక సెమినార్లో మాట్లాడిన మాటల నుంచి ఆ వ్యాసం పుట్టిందట. దాని మొదటి ఫుట్‌నోట్‌లో ఆయనే రాసుకున్నారు. అంతకు ముందు 1957లో ఫుల్‌బ్రైట్ మీదే ఇండియా వచ్చి, అంటరానితనం నిషేధం కోర్టుల్లో ఏమవుతోందో చూసిన మనిషి ఆయన. ఆ ఫుట్‌నోట్ నేను చాలాసార్లు చదివాను. ఒక గది, కొంత తీరిక, వినే నలుగురు మనుషులు. దాంట్లోంచి ఇన్నేళ్ళు నిలిచే ఆలోచన వచ్చింది.

పన్నెండింటికి వర్క్‌షాప్. ఎవరి లంచ్ బాక్స్ వాళ్ళు తెచ్చుకుంటారు. పేపర్ రెండు రోజుల ముందే పంపేస్తారు కాబట్టి అందరూ చదివి వస్తారు. రాసినవాళ్ళు ఐదు నిమిషాలు మాట్లాడితే మిగతా గంట మొత్తం ప్రశ్నలే. ఈ రోజు పేపర్ మా పక్క గదిలో ఉండే ఫెలోది. ఆవిడ పనిచేసేది 1887 నాటి డాస్ చట్టం మీద. ఉమ్మడిగా ఉన్న ఆదివాసీ భూముల్ని ముక్కలు చేసి, మనిషికింత అని రాసిచ్చి, మిగిలింది అమ్మేసిన చట్టం అది. 1887లో వాళ్ళ చేతిలో 13.8 కోట్ల ఎకరాలుంటే 1934 నాటికి మిగిలింది 4.8 కోట్లు. ఈ అంకెలు నాకు ముందే తెలుసు. తెలియంది ఆ భూమి పోయిన దారి. పంచి ఇచ్చిన భూమిని పాతికేళ్ళ పాటు అమ్మకుండా మొదట్లో కట్టడి ఉండేది. 1906లో ఇంకో చట్టం తెచ్చి, 'సమర్థుడు' అని అధికారి రాసిస్తే చాలు, గడువుకి ముందే పూర్తి హక్కు ఇచ్చేశారు. హక్కుతో పాటే పన్నూ వచ్చింది. పన్ను కట్టలేక కొందరిది వేలానికి పోయింది, అప్పు కింద కొందరిది పోయింది. అమ్మకం కాగితం వెతికితే చాలాసార్లు కథ దొరకదని, అప్పు పద్దులు వెతకాలని ఆవిడ అంది.

విస్కాన్సిన్‌లోనే ఉన్న మెనామినీ ఆదివాసీలు మాత్రం తమ భూమిని ముక్కలు చేయనివ్వలేదు. వాళ్ళ అడవి ఈ రోజుకీ నిలిచి ఉంది. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకు దాచుకోవాలి?

వర్క్‌షాప్ అయ్యాక కారిడార్లో ఆవిడ నన్ను ఆపి అడిగింది. "నువ్వు తెచ్చిన ఆర్డర్లన్నీ కేసు దాకా వచ్చిన భూములవి. అసలు ఆఫీసు మెట్లు ఎక్కని భూమి సంగతేంటి? అది ఏ దారిన పోయింది?"

గదిలోకి వచ్చి చాలాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత ఆర్డర్లన్నీ మళ్ళీ తీశాను. ఈసారి ఎవరు గెలిచారని చూడలేదు, గిరిజనేతరుడు తన వాదనలో భూమి ఎలా వచ్చిందని చెప్పుకున్నాడో చూశాను. ఒకదాంట్లో సంతలో ఇచ్చిన అప్పు. ఒకదాంట్లో పంట కౌలు. ఇంకోదాంట్లో గిరిజన భార్య పేరు మీద కొన్నది. ఇవన్నీ బినామీ అనే ఒక్క డబ్బాలో పడేస్తుంటాం. కాదు, ఒక్కోదానికీ వేరే దారి ఉంది. సాయంత్రానికి రెండో అధ్యాయానికి కొత్త నిర్మాణం వచ్చింది. ఈ ప్రశ్న నాకు ఈ-మెయిల్లో వచ్చేది కాదు. నా ఆర్డర్ల ఫొటోలు గోడకు అంటించి ఉండటం, ఆవిడ రోజూ అటుగా టీ తెచ్చుకోవడానికి పోతూ చూడటం, అందువల్ల వచ్చింది.

మన లా కాలేజీల్లో ఈ అవకాశం ఎందుకు లేదని నాకు బాధగా ఉంటుంది. యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల పాఠాలు. వాటి మీద పరీక్షల డ్యూటీ, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్ళు, విద్యార్థుల నమూనా కోర్టు అయిన మూట్ కోర్టు. పరిశోధన సెలవుల్లో చేసుకోవాలి, సెలవుల్లో స్పాట్ వాల్యుయేషన్ ఉంటుంది. మా స్టాఫ్ రూములో తెలివైన పిల్లలున్నారు. వాళ్ళ పీహెచ్‌డీలు బీరువాల్లో ఉండిపోతున్నాయి. ఇదంతా డబ్బు లేక అని నేను అనుకోను. న్యాయచరిత్రకారుడు విల్లార్డ్ హర్స్ట్ ఈ లా స్కూల్లోనే కూర్చుని, ఉత్తర విస్కాన్సిన్ పైన్ అడవులు కొన్ని దశాబ్దాల్లో ఖాళీ కావడంలో చట్టం ఏ చేయి వేసిందో పాత కేసులు, చట్టాలు తిరగేసి రాశారు. ఆయన పేరు మీద ఇక్కడ రెండేళ్ళకోసారి వేసవిలో కొత్తగా పని మొదలుపెట్టిన న్యాయచరిత్ర పరిశోధకుల్ని పిలిచి రెండు వారాలు ఒకచోట ఉంచుతారు. రెండు వారాలే! విశాఖలో ఒక లా యూనివర్సిటీ, హైదరాబాదులో ఒకటి ఉన్నాయి. ఏజెన్సీ ఫైళ్ళు విశాఖకి మూడు నాలుగు గంటల దూరంలో ఉన్నాయి. జిల్లా కాలేజీల నుంచి ఏడాదికి నలుగురిని పిలిచి, ఒక సెమిస్టర్ పాఠాల్లేకుండా ఉంచితే, వన్ ఆఫ్ సెవెంటీ మీద మాడిసన్‌లో కూర్చుని రాయాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

సాయంత్రం మెమోరియల్ లైబ్రరీలో తెలుగు పుస్తకాల వరుసల దగ్గర కాసేపు నిలబడ్డాను. పి.ఎల్. 480 అనే అమెరికా చట్టం కింద మనకు అమ్మిన గోధుమల రూపాయల్లో కొంత 1962 నుంచి ఇక్కడి లైబ్రరీలకు పుస్తకాలు కొనడానికి వెళ్ళింది. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పిన యూనివర్సిటీ ఇది. పేజీలు తిప్పుతుంటే ఇంట్లో ఉన్నట్టుంది.

ఎనిమిదింటికి, అంటే అక్కడ ఉదయం ఆరున్నరకి, మా జూనియర్ లెక్చరర్‌కి ఫోన్ చేశాను. పాడేరు దగ్గరి అమ్మాయి, పోడు పట్టాల మీద పనిచేస్తోంది. "మేడమ్, ఈ ఫెలోషిప్ నాలాంటి వాళ్ళకి ఇస్తారా?" అంది. ఇస్తారు, అడగాలి అన్నాను. ముందు ఇక్కడ ఒక ప్రొఫెసర్‌కి తన పని గురించి ఒక పేజీ రాసి ఆహ్వాన లేఖ అడగమన్నాను. ఫుల్‌బ్రైట్‌కి వేరేగా ప్రపోజల్, రికమెండేషన్ లేఖలు కావాలి, కాలేజీ నుంచి సెలవు అనుమతికి ఇప్పుడే అర్జీ పెట్టుకోవాలి. ప్రపోజల్ మొదటి పేరాలో పెద్ద సిద్ధాంతాలు వద్దు, మీ ఊళ్ళో పట్టా రాని ఆ కుటుంబం ఫైలుతో మొదలుపెట్టు అని చెప్పాను. ఆదివారంలోపు డ్రాఫ్ట్ పంపిస్తానంది. రాగానే చదివి, ఇక్కడ పక్క గదిలో ఆవిడకి కూడా చూపిస్తాను.