శాండీ పనిముట్లు

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో ఎనిమిదో తరగతి. బ్రిటిష్ వాళ్ల కాలంలో, పారిపోయిన బానిసలను పట్టివ్వమంటూ అమెరికాలో యజమానులు పేపర్లలో వేయించిన ప్రకటనల్లో ఒకదాని మీద ప్రాజెక్టు రాయమన్నారు స్కూల్లో. తను ఎంచుకున్నది 1769 సెప్టెంబరులో వర్జీనియా గెజెట్‌లో వచ్చింది. మనిషి పేరు శాండీ, వయసు దాదాపు 35. యజమాని ఉండే కౌంటీలోనే (మన జిల్లాలాంటిది) పట్టిస్తే 40 షిల్లింగులు, వర్జీనియాలో ఇంకెక్కడైనా 4 పౌండ్లు, వేరే బ్రిటిష్ వలస రాజ్యంలో అయితే 10. వేయించింది థామస్ జెఫర్సన్. మనుషులంతా సమానంగా పుట్టారని ఏడేళ్ల తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన జెఫర్సనే.

"అది నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ ఉన్న గొడవ, మన పిల్లలకెందుకు ఈ టెన్షన్" అంటారు ఇక్కడి తెలుగువాళ్లు కొందరు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఒకప్పుడు ఇండియా నుంచి వచ్చి స్థిరపడటానికి ఏడాదికి 100 మందికే కోటా ఉండేది. నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం ఊపులో వచ్చిన 1965 వలసల చట్టంతోనే మనకి దారి దొరికింది. ఆ పోరాటం చేసినవాళ్ల పూర్వీకుల కథే ఈ ప్రకటనల్లో ఉంది.

శాండీ తాగుబోతు, నోటిదురుసు, జిత్తులమారి అని రాశాడు జెఫర్సన్. కానీ మనిషిని గుర్తుపట్టాలి కాబట్టి అతనికేం వచ్చో కూడా రాయక తప్పలేదు. బూట్లు కుడతాడు, అదీ ఎక్కువగా ఎడమచేత్తో. కొంత వడ్రంగం వచ్చు, గుర్రపు స్వారీ వచ్చు. ఒక తెల్ల గుర్రాన్నీ, బూట్లు కుట్టే పనిముట్లనీ తీసుకుని వెళ్లాడు. మా అమ్మాయిదీ ఎడమచేతివాటమే, వీడియో కాల్లో వాళ్ల నానమ్మ "కుడిచేత్తో తినవే" అంటూనే ఉంటుంది. ప్రకటనలో ఆ వాక్యాల దగ్గర తను ఆగిపోయింది. "పనిముట్లు తీసుకెళ్లాడంటే, ఎక్కడైనా పని చేసుకుని బతకాలనే కదా నాన్నా?" అంది.

1776 జులైలో అదే పేరున్న పేపర్లో వచ్చిన ఇంకో ప్రకటన నేను చూపించాను. పారిపోయిన నౌకరు జాన్ న్యూటన్, 20 ఏళ్లవాడు, పుట్టుకతో "ఆసియాటిక్ ఇండియన్", ఇంగ్లండులో పదేళ్లు ఉండి వచ్చాడట, క్షవరం పని తెలుసు. "మనవాళ్లు అప్పటికే ఉన్నారా ఇక్కడ!" అని కళ్లు పెద్దవి చేసింది.

శాండీ దొరికిపోయాడు. 1773లో జెఫర్సన్ అతన్ని 100 పౌండ్లకి అమ్మేశాడు. మా అమ్మాయికి గుర్రమెక్కి వెళ్లిపోవడంతో రిపోర్టు ఆపేయాలని ఉంది. అమ్మకం సంగతి కూడా రాయాలని పట్టుబట్టాను. సెలవుల్లో జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో చూడటానికి వెళ్తున్నాం. ఆ గదుల్లో తిరిగేముందు ఆ 100 పౌండ్ల లెక్క తనకి తెలిసి ఉండాలి.