ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళ కోసం ఒక శ్లోకం

విష్ణు సహస్రనామం పారాయణ పూర్తయ్యాక చివర్లో చదివే శ్లోకాల్లో ఇదొకటి, చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది.

ఆర్తా విషణ్ణాః శిథిలాశ్చ భీతాః
ఘోరేషు చ వ్యాధిషు వర్తమానాః
సంకీర్త్య నారాయణశబ్దమాత్రం
విముక్తదుఃఖాః సుఖినో భవంతి

ఇది రోగులకి చెప్పిన శ్లోకం అనే అనుకునేదాన్ని. నాన్నకి బైపాస్ అయ్యి ఐసీయూలో ఉన్నప్పుడు బయట కుర్చీల్లో కూర్చుని చదువుతుంటే తట్టింది, భయంకరమైన జబ్బుతో ఉన్నవాళ్ళ సంగతి రెండో పాదంలో గానీ రాదు, మొదటి పాదం నిండా ఉన్నది బాధలో ఉన్నవాళ్ళు, దిగులుతో కుంగిపోయినవాళ్ళు, ఒంట్లో ఓపికంతా అయిపోయి డీలా పడ్డవాళ్ళు, భయపడుతున్నవాళ్ళు. అంటే ఆ హాల్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ, సిస్టర్ తలుపు తీసి ఎవరి పేరు పిలుస్తుందో అని చూస్తూ కూర్చున్న మేమందరం అన్నమాట. మమ్మల్ని కూడా కలుపుకునే చెప్పారు.

అసలు సహస్రనామం పుట్టిందే ఇలాంటి చోట కదా. భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు, ధర్మరాజు పక్కన కూర్చుని అడుగుతున్నాడు. ఆ అడిగేవాడేమైనా స్థిమితంగా ఉన్నాడా అంటే లేడు, యుద్ధంలో అయినవాళ్ళందరూ పోయి, రాజ్యం వద్దు ఏం వద్దు అనే స్థితిలో ఉన్నాడు. పొద్దున్నే తమ్ముళ్ళతో, కృష్ణుడితో రథాలెక్కి రావడం, చీకటి పడే వేళకి తిరిగి హస్తినాపురం వెళ్ళడం, మర్నాడు మళ్ళీ రావడం. భీష్ముడు ఆ శయ్య మీద 58 రాత్రులు గడిపానని తనే చెప్తాడు. పెద్దాయన మంచం మీద ఉంటే ఇంటికీ హాస్పిటల్‌కీ తిరిగే మన ఇళ్ళల్లో జరిగేదీ ఇదే.

ఇంకా వెనక్కి వెళ్తే భీష్మపర్వంలో రెండు చిన్న ఘట్టాలున్నాయి, నాకు చాలా ఇష్టం. పడిపోగానే తల వేలాడుతోంది, దిండు కావాలన్నాడు ఆయన. రాజులు పరుగెత్తి మెత్తటి దిండ్లు తెచ్చారు, ఇవి ఈ పడకకి సరిపోవు అని అర్జునుడి వైపు చూశాడు, అర్జునుడు మూడు బాణాలు వేసి తలకి ఆనింపు పెట్టాడు. మర్నాడు దాహం అన్నాడు. కుండలతో చల్లటి నీళ్ళు తెచ్చినా వద్దని మళ్ళీ అర్జునుణ్ణే అడిగితే, భూమిలోకి బాణం వేసి పైకి నీళ్ళు రప్పించాడు. అంత మహాయోధుడు తాతగారికి చేసిన సేవ చివరికి దిండు సర్దడం, నోట్లో నీళ్ళు పడేలా చూడటం!

బైపాస్ అయిన పేషెంట్ దగ్గర ఉన్నవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. రొమ్ము ఎముక కోసి మళ్ళీ వైరుతో కలుపుతారు కాబట్టి దగ్గు వస్తే ప్రాణం పోయినంత నొప్పి, అప్పుడు దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గమంటారు, ఆ దిండు టైముకి చేతికి అందించడం మన పని. నీళ్ళు కూడా కొలిచి ఇంతే అంటారు, నాన్న నోరెండిపోయి చూస్తుంటే సిస్టర్‌ని అడిగి తడి దూదితో పెదాలు అద్దేదాన్ని, మనసులో గోవిందా గోవిందా అనుకుంటూ. ఆ దూది అద్దడం ఒకటీ, గోవింద నామం ఇంకొకటీ అని నాకు అప్పుడు వేరుగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

అమ్మ అయితే ఇంకో పని చేసింది. రూముకి మార్చాక ఫిజియో అమ్మాయి మూడు బంతులుండే స్పైరోమీటర్ ఇచ్చి గంటకోసారి పీల్చమంది, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని న్యుమోనియా రాకుండా. నాన్నకేమో విసుగు. అమ్మ ఒకటి రెండు అని లెక్కపెట్టకుండా కేశవా అనేది, ఆయన పీల్చి బంతి లేపేవారు, నారాయణా అనేది, మళ్ళీ పీల్చేవారు, మాధవా, గోవిందా... మొదట్లో మధుసూదన దగ్గరికే ఆయాసపడి ఇంక చాలు అని చెయ్యి ఊపేవారు. డిశ్చార్జి నాటికి దామోదర దాకా పన్నెండూ వచ్చాయి, మూడో బంతి కూడా లేచింది.

ప్రార్థన చేస్తే జబ్బు తగ్గుతుందా అని అడిగేవాళ్ళుంటారు. 2006లో అమెరికాలో 1,802 మంది బైపాస్ పేషెంట్ల మీద పెద్ద స్టడీ ఒకటి వచ్చింది, ముక్కూమొహం తెలియనివాళ్ళు దూరం నుంచి ప్రార్థన చేస్తే కాంప్లికేషన్లు ఏమీ తగ్గలేదని తేలింది. నా నమ్మకం దానివల్ల కదల్లేదు, ఎందుకంటే శాంతిపర్వంలో భీష్ముడికి జరిగింది చూడండి. ధర్మాలు చెప్పమని కృష్ణుడు అడిగితే, ఒళ్ళంతా మండిపోతోంది, నొప్పికి మాట రావట్లేదు, బుద్ధి పనిచెయ్యట్లేదు అన్నాడాయన. అప్పుడు కృష్ణుడు బాణాలు పీకెయ్యలేదు, గాయాలు మాన్పలేదు. నొప్పి, మంట, ఆకలిదప్పులు నిన్ను బాధించవు, నీ బుద్ధి తేటగా ఉంటుంది అని వరమిచ్చాడు. శరీరం అలాగే ఉంది, దుఃఖం పోయింది. పై శ్లోకం చివరి పాదంలో ఉన్నదీ అదే. నేను కూడా రోజూ నాన్నని బాగు చెయ్యి స్వామీ అనే అడిగాను, ఏడుకొండలవాడికి మొక్కు కూడా మొక్కాను, బిడ్డలు తండ్రిని అడగడంలో తప్పేముంది? కానీ నాకు ముందుగా దొరికింది మాత్రం డాక్టర్ చెప్పేది చేతులు వణక్కుండా వినగలిగే స్థిమితం.

అందుకే డాక్టర్ మాటా దేవుడి మాటా రెండు పక్షాలు అన్నట్టు మాట్లాడితే నాకు నచ్చదు. సహస్రనామంలోనే ఆయన్ని భేషజం భిషక్ అని పిలుస్తాం, మందూ ఆయనే, వైద్యుడూ ఆయనే. టైముకి టాబ్లెట్ వెయ్యడం మానేసి పూజలో కూర్చోకండి. ఐసీయూలో అగరొత్తులు, దీపం అసలు వద్దు, ఆక్సిజన్ ఉంటుంది. తీర్థం, ప్రసాదం సిస్టర్‌ని అడక్కుండా నోట్లో పెట్టొద్దు, విభూతి, కుంకుమ కుట్ల దగ్గరికి పోనివ్వొద్దు. లోపలికి పంపించే ఆ ఐదు నిమిషాల్లో చెయ్యి పట్టుకుని, ఇవాళ ఫలానా వారం, నేను ఫలానా, ఇంట్లో అందరం బాగున్నాం అని చెప్పి, ఆయనకి అలవాటైన నామం నెమ్మదిగా చెవి దగ్గర అనండి. ఐసీయూలో రోజులు గడిచేకొద్దీ కొందరికి పగలేదో రాత్రేదో తెలియక అయోమయం వస్తుంది, డెలీరియం అంటారు, తెలిసిన గొంతు వినిపిస్తే కుదుటపడతారు. పేషెంట్‌కి ఇష్టం లేకపోతే మాత్రం బలవంతంగా వినిపించొద్దు, బయట కూర్చుని మీరు చదువుకోండి.

మొత్తం సహస్రనామం చదవడానికి అరగంట కావాలి, హాస్పిటల్లో అది కుదరని రోజులే ఎక్కువ. తేలిక దారి ఏదని పార్వతీదేవి అడిగితే శివుడు చెప్పిన శ్రీరామ రామ రామేతి అందుకే ఉంది, అదీ గుర్తు రానంత గాభరాగా ఉంటే నారాయణ అన్న ఒక్క మాట చాలని పై శ్లోకమే చెప్తోంది. శిథిలాశ్చ అని మనల్ని కూడా లెక్కలో వేశారు కాబట్టి, పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా అక్కడే కూర్చుని ఉంటే పక్కవాళ్ళకి ఫోన్ నంబర్ ఇచ్చి ముందు క్యాంటీన్‌కి వెళ్ళి రెండు ఇడ్లీలు తినేసి రండి, వచ్చాక చదువుకోవచ్చు.