రాజ్‌భవన్ మీద ఒక పాఠం

2006 జనవరి ఆఖర్లో సుశీల్ కుమార్ షిండే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ పదవి వదిలి ఢిల్లీ వెళ్ళి, కేంద్ర విద్యుత్ మంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన మన రాజ్‌భవన్‌కు వచ్చి అప్పటికి పదిహేను నెలలు కూడా నిండలేదు. ఆ వారంలోనే మా బీఏ పాలిటిక్స్ సార్ సిలబస్ పక్కన పెట్టి, గవర్నర్ పదవి మీద ఒక పీరియడ్ మొత్తం మాట్లాడారు. ఈ కాలేజీ నాకిచ్చిన వాటిలో ఆ గంటకే పెద్ద పీట వేస్తాను.

సార్ బోర్డు మీద రెండే అంకెలు రాశారు: 158, 75. గవర్నర్‌గా ఉన్న మనిషి చట్టసభల్లో సభ్యుడిగా ఉండకూడదంటుంది 158వ అధికరణం. పార్లమెంటు సభ్యుడు కాకుండా కేంద్రంలో మంత్రి అయితే ఆరు నెలల్లో సభ్యుడు కావాలంటుంది 75. "ఈ రెంటి మధ్య అడ్డుగోడ ఎక్కడుందో చూపించండి" అన్నారు. మేం పుస్తకాలు తిరగేశాం. ఎక్కడా లేదు. రాజ్యాంగం ఆపలేదు కనుకే, కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ ఒక సంప్రదాయం ఉండాలని చెప్పిందన్నారు. గవర్నర్‌గా దిగిపోయినవారు మళ్ళీ గవర్నర్ కావచ్చు, రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి పదవులకు పోటీ చేయొచ్చు. అంతకు మించి ప్రభుత్వంలో ఏ పదవీ తీసుకోకూడదని 1988లో వచ్చిన ఆ నివేదిక సిఫారసు. సిఫారసు సిఫారసుగానే ఉండిపోయింది.

వరంగల్ నుంచి వచ్చిన మా మిత్రుడొకడు లేచి గట్టిగా అడ్డు చెప్పాడు. షోలాపూర్ కోర్టులో చిన్న ఉద్యోగంతో మొదలై, పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టర్ అయి, ఆ ఉద్యోగం మానేసి ఎమ్మెల్యే అయిన మనిషి షిండే. మహారాష్ట్ర ఆర్థిక మంత్రిగా వరుసగా తొమ్మిది బడ్జెట్లు పెట్టారు. 2003లో ఆ రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి. 2004 ఎన్నికల్లో ఆయన కాంగ్రెస్ పార్టీ ఉన్న కూటమి గెలిచాక కూడా ఆ కుర్చీ విలాస్‌రావ్ దేశ్‌ముఖ్‌కు దక్కింది, ఈయన్ని హైదరాబాద్ పంపారు. "అరవై మూడేళ్ళకే ఆయన్ని రాజ్‌భవన్‌లో కూర్చోబెట్టి, ఇంక కదలొద్దంటే న్యాయమేనా సార్?" అన్నాడు. సార్ చాలాసేపు ఆలోచించి, "ఆయనకు అన్యాయమే. పదవికి మాత్రం అదే మంచిది" అన్నారు.

అప్పుడు నేను మిత్రుడి పక్షమే. ఇప్పుడు సార్ పక్షం. నన్ను మార్చింది ఆ తర్వాతి ఎనిమిదేళ్ళు.

విద్యుత్ శాఖలో ఆయన ఆరేళ్ళకు పైగా ఉన్నారు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలవలేదు కాబట్టి మనకా చీకటి తెలియలేదు. ఆ 31వ తేదీనే ఆయనకు హోం శాఖ ఇచ్చారు. అక్కడ ఎదురు చూస్తున్నది మన రాష్ట్ర విషయమే, ప్రత్యేక తెలంగాణ. డిసెంబర్ 28న అఖిలపక్షం పెట్టి నెలలో తేలుస్తామన్నారు, తేలలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరి 30న మూజువాణి ఓటుతో తిరస్కరించిన రాష్ట్ర విభజన బిల్లు, ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆమోదం పొందింది. దాన్ని సభ ముందుంచిన హోం మంత్రి షిండే. ఆ సాయంత్రం టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. వరంగల్ మిత్రుడు ఏడుస్తూ ఫోన్ చేశాడు, ఆనందంతో. భీమవరం మిత్రుడు రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు.

బిల్లు సంగతి వదిలేస్తాను. మన బ్యాచ్‌లో రెండు వైపులా మనుషులున్నారు, ఇద్దరి బాధా నాకు తెలుసు. నన్ను కదిలించింది ఇంకొకటి. 159వ అధికరణం కింద గవర్నర్ ఆ రాష్ట్ర ప్రజల సేవకు, శ్రేయస్సుకు అంకితమవుతానని ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణం చేసిన మనిషే తన పార్టీ నిర్ణయాన్ని మోసుకుని రావాల్సి వస్తే, నిర్ణయం ఏదైనా సరే, ఒక పక్షానికి అనుమానం తప్పదు. ఆయన నిజాయితీ ఎంతటిదైనా ఆ అనుమానం పోదు. షిండే ఒక్కరే కాదు, మహారాష్ట్ర గవర్నర్‌గా చేసిన ఎస్.ఎం. కృష్ణ కూడా 2009లో విదేశాంగ మంత్రి అయ్యారు. పార్టీలు ఏవైనా ఈ దారి మూసుకోవు, ఎందుకంటే దీనివల్ల ఎవరికీ నష్టం కనబడదు. నష్టపోయేది రాజ్‌భవన్ మీద నమ్మకం.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సర్కారియా నివేదికలో గవర్నర్ల సంగతి నాలుగో అధ్యాయంలో ఉంటుంది. పరీక్షలో వచ్చినా రాకపోయినా చదవండి, చదివి క్లాసులో గట్టిగా వాదించుకోండి.