నెబ్‌వర్త్‌లో లిట్టన్ల ఇల్లు

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే స్టీవనేజ్ ఎంతో దూరం కాదు. అక్కడి నుంచి ట్యాక్సీ మాట్లాడుకుని నేనూ మా తమ్ముడూ నెబ్‌వర్త్ హౌస్‌కి వెళ్లాం. వాడికి ఈ పేరు కచేరీల వల్ల తెలుసు, 1979లో లెడ్ జెప్పెలిన్, 1996లో ఓయాసిస్ పాడింది ఇక్కడి మైదానంలోనే. నాకు పని మాత్రం ఆ ఇంటి మనుషులతో. మాది కర్నూలు వైపు. కంచంలో అన్నం వదిలేస్తే మా జేజి ధాత కరువు మాట ఎత్తేది. ఆమె కూడా పుట్టకముందు, 1876-78లో వచ్చిన కరువది. అప్పుడు దేశాన్ని ఏలిన వైస్రాయి లార్డ్ లిట్టన్ ఇల్లే ఈ నెబ్‌వర్త్.

దూరం నుంచి చూస్తే బురుజులు, గుమ్మటాలు, గోడల మీద నోళ్లు తెరిచిన వింత జంతువుల బొమ్మలు. ఇదంతా 19వ శతాబ్దంలో పెట్టించిన హంగు, ఇల్లు మాత్రం అంతకన్నా చాలా పాతది, 1490 నుంచి ఒకే వంశం చేతిలో ఉంది. ఆ హంగులో చాలా భాగం వైస్రాయి తండ్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ చేయించాడు. డికెన్స్‌తో సమానంగా పేరున్న నవలాకారుడు, పార్లమెంటు సభ్యుడు, 1858-59లో వలసల మంత్రి కూడా. కత్తి కన్నా కలం గొప్పదని మనం బళ్లో రాసిన మాట ఆయన 1839 నాటకంలోదే. 1850లో డికెన్స్ తన బృందంతో వచ్చి ఇక్కడి బాంక్వెటింగ్ హాల్లో నాటకాలు ఆడాడట. ఆ చెక్కపని కింద నిలబడితే ఎవరికైనా ముచ్చటేస్తుంది, నాకూ వేసింది.

ఆయన కొడుకు, మన కరువునాటి వైస్రాయి రాబర్ట్, "ఓవెన్ మెరెడిత్" అనే మారుపేరుతో కవిత్వం రాశాడు, దౌత్యవేత్తగా యూరప్ అంతా తిరిగాడు, 1876లో ప్రధాని డిజ్రేలీ ఆయన్ని వైస్రాయిగా పంపించాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన దర్బారు ఈయన చేతుల మీద జరిగిందే. ఆ దర్బారు గురించిన వస్తువులు, చిత్రాలు ఉన్నచోట నా కాళ్లు ఆగిపోయాయి, ఎందుకంటే సరిగ్గా అదే నెలలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఖర్చు తగ్గించమని ఆయన సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. మూడేళ్ల ముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టాడని టెంపుల్‌కు చీవాట్లు పడ్డాయి, దాంతో ఈసారి చెయ్యి బిగించాడు. సహాయపు పనుల్లో మట్టి తవ్వే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, పైన చిల్లర. ఇది ప్రాణం నిలబెట్టదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. బళ్లారి, కర్నూలు, కడపల్లో జనం రాలిపోతుంటే ధాన్యం ధరల జోలికి ప్రభుత్వం పోకూడదన్నదే లిట్టన్ పట్టు. ఆ కరువులో చనిపోయినవాళ్లు యాభై లక్షల పైమాటే అని అంచనా. ఇంత సున్నితంగా పదాలు ఏరుకునే మనిషికి ఇది ఎందుకు కనపడలేదు అన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. టెంపుల్ ఒత్తిడి, లండన్ ఒత్తిడి అని సర్దిచెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను.

తోటలోకి వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. దీన్ని తీర్చిదిద్దింది న్యూఢిల్లీ కట్టిన లట్యెన్స్, ఈ ఇంటి అల్లుడే. వైస్రాయి కూతురు ఎమిలీని 1897లో పెళ్లి చేసుకున్నాడు. ఆ ఎమిలీయే తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి, 1911లో లండన్ వచ్చిన మన మదనపల్లె కుర్రాడు జిడ్డు కృష్ణమూర్తిని కన్నకొడుకులా చూసుకుంది. ఈ సంగతి చెబితే మా తమ్ముడు ఫోన్ జేబులో పెట్టేసి, "అయితే ఈ ఇంట్లో మనవాళ్లను పట్టించుకున్నవాళ్లు కూడా ఉన్నారన్నమాట అక్కా" అన్నాడు.

ఉన్నారు, కానీ నేను ఇంత దూరం వచ్చింది ఎమిలీ అక్క కాన్‌స్టన్స్ కోసం. పదకొండేళ్లు వచ్చేదాకా ఆమె బాల్యంలో కొంత భాగం వైస్రాయి బంగళాల్లోనే గడిచింది. పెద్దయ్యాక ఆడవాళ్ల ఓటు హక్కు పోరాటంలో దిగింది. 1909లో న్యూకాసిల్ జైల్లో నిరాహార దీక్ష చేస్తే, గుండె బలహీనంగా ఉందని వెంటనే వదిలేశారు. పేద ఆడవాళ్లకైతే గొట్టంతో బలవంతంగా తిండి ఎక్కిస్తున్నారు. నా బిరుదు చూసి వదిలారా, నిజంగా గుండె చూసా, తేల్చుకోవాలనుకుంది. జుట్టు కత్తిరించుకుని, చవక బట్టలూ కళ్లజోడూ పెట్టుకుని, జేన్ వార్టన్ అనే కుట్టుపనిమనిషిగా 1910 జనవరిలో లివర్‌పూల్‌లో అరెస్టయింది. అక్కడ గుండె సరిగా చూసిన నాథుడు లేడు, ఎనిమిదిసార్లు గొట్టం దించారు. 1912లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే, జైలు అనుభవాలన్నీ ఎడమ చేత్తో రాసి 1914లో అచ్చువేయించింది. తండ్రి కవిత్వం మొత్తం ఒక పక్క, ఆమె ఎడమ చేత్తో రాసిన ఆ ఒక్క పుస్తకం ఒక పక్క పెడితే నేను రెండోదే తీసుకుంటాను.

ఆమె చితాభస్మం పార్కులోనే, కుటుంబ సమాధి మందిరంలో ఉంది. ఇల్లు ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, వెళ్లేవాళ్లు తేదీలు చూసుకుని బయల్దేరండి. పిల్లలుంటే పార్కులో డైనోసార్ బొమ్మల దగ్గర వాళ్లకు పొద్దు తెలియదు, ఆ టైంలో మీరు కాన్‌స్టన్స్ గురించి అక్కడివాళ్లను అడగండి.