ఉసిక్‌ని పాత చాంపియన్లతో పోల్చాలంటే పాదాలు చూడాలి

ఉక్రెయిన్ హెవీవెయిట్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ పేరు ఎత్తగానే వాదన రికార్డుల మీదికి పోతుంది. 2025 జులైలో వెంబ్లీలో డేనియల్ డుబోయిని ఐదో రౌండులో పడగొట్టేనాటికి అతని లెక్క 24 ఫైట్లు, 24 గెలుపులు, 15 నాకౌట్లు. 1950ల నాటి హెవీవెయిట్ చాంపియన్ రాకీ మార్సియానోది 49 ఫైట్లు, 49 గెలుపులు, 43 నాకౌట్లు. ఈ రెండూ పక్కపక్కన పెడితే తేలేది ఏమీ ఉండదు. మార్సియానో టైటిల్ ఫైట్లకి 185 పౌండ్ల దగ్గర తూగేవాడు. హెవీవెయిట్‌కి ఒక మెట్టు కిందిదైన క్రూయిజర్‌వెయిట్ పరిమితి ఇప్పుడు 200 పౌండ్లు. అంటే ఈ రోజుల్లో మార్సియానో హెవీవెయిట్ కానే కాదు.

పోలిక నిలబడాలంటే పాదాల దగ్గర మొదలుపెట్టాలి. ఉసిక్‌ది ఎడమచేతివాటం, అంటే సౌత్‌పా. కుడి కాలు ముందు, ఎడమ కాలు వెనక. ఎదుట మామూలు కుడిచేతివాటం వాడు నిలబడితే ఇద్దరి ముందు కాళ్లూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఉసిక్ తన కుడి పాదాన్ని అవతలివాడి ఎడమ పాదానికి బయటివైపు పెట్టాడంటే, అతని ఎడమ చెయ్యి సూటిగా గడ్డానికి దారి చూసుకుంటుంది. అవతలివాడి కుడి చెయ్యేమో ఒళ్లంతా దాటి రావాలి. ఆ జానెడు చోటు కోసమే ఫైటంతా నడుస్తుంది. ఉసిక్ దానికోసం పెద్ద అడుగులు వెయ్యడు. కుడి చేతి జాబ్‌తో, అంటే ముందు చేత్తో సూటిగా వేసే పంచ్‌తో, ఎదుటివాడి ముందు గ్లోవ్‌ని తడుతూ, కళ్లకి అడ్డం పెడుతూ, ఆ లోపు పాదం జరుపుతాడు.

దీన్ని కళ్లారా చూడాలంటే వీడియోలో శబ్దం తీసెయ్యండి. మొదటి మూడు రౌండ్లు ఇద్దరి నడుము కిందే చూడండి. ఎవరు ఎవరి చుట్టూ తిరుగుతున్నారు, తిరగాల్సివచ్చినవాడు పాదాలు సర్దుకోడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడు అన్నది లెక్కపెట్టండి. తర్వాత ఎనిమిదో రౌండు నుంచి మళ్లీ అదే చూడండి. 260 పౌండ్ల ఒంటిని నిమిషానికి పదిసార్లు తిప్పుకున్నవాడికి ఆఖర్లో పాదాలు రెండూ ఒకే గీత మీదికి వచ్చేస్తాయి. అప్పుడు దెబ్బ తగిలితే ఆపుకోడానికి వెనక కాలు ఉండదు.

2024 మే 18న రియాద్‌లో తొమ్మిదో రౌండు అచ్చంగా ఇదే. ఉసిక్ 223.5 పౌండ్లు, టైసన్ ఫ్యూరీ 262. నాలుగు నుంచి ఏడు రౌండ్ల దాకా ఫ్యూరీ కింది నుంచి పైకి లేపి కొట్టే అప్పర్‌కట్లతో, పొట్ట మీద దెబ్బలతో బాగా ఆడాడు. తొమ్మిదిలో ఎడమ చెయ్యి పడేసరికి కాళ్లు కట్టు తప్పాయి. ఒక వైపు తాళ్ల నుంచి ఇంకో వైపు తాళ్లకి తూలుతూ పోయాడు. తాళ్లే నిలబెట్టాయని, పడినట్టే లెక్కేసి రిఫరీ మార్క్ నెల్సన్ నాక్‌డౌన్ కౌంట్ పెట్టాడు. గంట మోగి రౌండు ముగిసింది. ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులు 115–112, 114–113 ఉసిక్‌కి, 114–113 ఫ్యూరీకి. ఆ కౌంట్ పడకుండా ఆ రౌండు 10–8 కాక మామూలు 10–9 (గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9) అయి ఉంటే మూడు కార్డులూ ఒక్కో పాయింటు జరిగి, ఒకటి ఉసిక్‌కి, ఒకటి ఫ్యూరీకి, ఒకటి 114–114 అయ్యేవి. అంటే డ్రా. అంత సన్నని తేడా.

పాతవాళ్లలో ఇదే దారిలో వచ్చినవాడు ఇవాండర్ హోలీఫీల్డ్. ఇద్దరూ క్రూయిజర్‌లో బెల్టులన్నీ గెలిచి పైకి వచ్చారు: హోలీఫీల్డ్ 1988లో, ఉసిక్ 2018లో మాస్కోలో మురాత్ గాసియెవ్‌ని ఓడించి. కానీ 1992 నవంబరులో 205 పౌండ్ల హోలీఫీల్డ్ 235 పౌండ్ల రిడిక్ బో ఎదుట నిలబడి దెబ్బకి దెబ్బ ఆడాడు. పదో రౌండు చూసినవాళ్లు మర్చిపోలేరు, కానీ ఫైట్ పోయింది. మరుసటి ఏడాది 217 పౌండ్లతో వచ్చి, కొట్టి పక్కకి జరిగే ఆట ఆడి గెలిచాడు. హోలీఫీల్డ్ ఓడి నేర్చుకున్నదాన్ని ఉసిక్ మొదటి నుంచే చేశాడు. బరువు కూడా తొందరపడి పెంచలేదు: 2019లో హెవీవెయిట్‌గా మొదటి ఫైట్‌కి 215, ఆంథొనీ జాషువాతో 2021లో 221, డుబోయితో రెండోసారి 227. ఒక్కసారిగా 20 పౌండ్లు ఎక్కించుకున్నవాడికి మొదట పోయేది కాలి వేగం.

ఒడ్డూ పొడుగూ చూస్తే ఉసిక్‌కి సరిజోడు మహమ్మద్ అలీ. ఇద్దరూ 6 అడుగుల 3 అంగుళాలు, చేతుల చాపు 78 అంగుళాలు. అలీ 1966లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్ల్ మిల్డెన్‌బెర్గర్ అనే సౌత్‌పాతో ఆడాడు, పన్నెండో రౌండు దాకా ముగించలేకపోయాడు. అలీ సహజంగా ఎడమవైపు తిరుగుతాడు. ఉసిక్‌కి కావలసిన బయటి చోటే అతనికీ కావాలి. చేతి వేగం వల్ల 1966–67 నాటి అలీకే నేను మొగ్గుతాను. 1971 తర్వాతి అలీ అయితే ఉసిక్‌కే నా ఓటు, ఎందుకంటే అప్పటికి అలీ తాళ్ల మీద ఆనుకోవడం మొదలైంది.

అలీ కాలం నాటి ఇంకో చాంపియన్ జో ఫ్రేజియర్ సంగతి వేరు. కాలేయం ఉండేది కుడివైపు. సౌత్‌పాకి ఆ కుడివైపే ముందుకి ఉంటుంది, పక్క నుంచి తిప్పి కొట్టే ఫ్రేజియర్ ఎడమ హుక్ దిగేది సరిగ్గా అక్కడే. ఉసిక్‌ని ఇబ్బంది పెట్టినవాళ్లలో పొట్ట మీద కొట్టినవాళ్లు ఉన్నారు. అయితే వంగి లోపలికి దూరేవాడికి కింది నుంచి అప్పర్‌కట్ తగులుతుంది. 1973లో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టింది ఫ్రేజియర్‌నే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది 1940ల నాటి హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్. చిన్న చిన్న అడుగులు, తొందర లేదు, కుడి చెయ్యి పూర్తిగా చాచకుండానే పేలుతుంది. సౌత్‌పా మీద పనిచేసే పంచ్ అదే, ఎందుకంటే జాబ్ ముందు చేతికి తగిలి ఆగిపోతుంది. 1941 జూన్ 18న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో బిల్లీ కాన్ అతని కన్నా పాతిక పౌండ్ల తక్కువతో, కాళ్ల మీదే ఆడుతూ, పన్నెండు రౌండ్లు ముగిసేసరికి రెండు కార్డుల మీద ముందున్నాడు, మూడోది సమానం. ఇప్పటి 12 రౌండ్ల లెక్కన కాన్ చాంపియన్. అప్పుడు 15. పదమూడో రౌండులో నాకౌట్ కోసం లూయిస్ ఎదుట నిలబడ్డాడు, రౌండు ఇంకా రెండు సెకన్లు ఉందనగా నేలమీద పడ్డాడు.

లూయిస్‌తో 12 రౌండ్లయితే ఉసిక్ పాయింట్ల మీద గెలుస్తాడని నా అంచనా. ఆధిక్యంలో ఉన్నప్పుడు కాన్‌లాగా ఆగి నిలబడే అలవాటు అతనికి లేదు. 15 అయితే మాత్రం చివరి మూడు రౌండ్లలో ఆ కుడి పాదం ఎక్కడ పడుతుందో చూడకుండా ఎవరి పేరూ చెప్పలేను.