థిన్నర్ డబ్బాల ల్యాండ్ క్రూజర్

డెంటర్ మంచిగా పని చేశాడంటే, ఆ పని ఎవరికీ కనపడకూడదు. షార్జాలో పన్నెండేళ్లుగా నా బతుకు ఇదే. గుద్దుకున్న కారు వస్తుంది. పోలీసు కాగితం లేకుండా ఇక్కడి గ్యారేజీలు డెంటు ముట్టుకోకూడదు, కాబట్టి ముందు కాగితం చూస్తాం. తర్వాత లోపల డాలీ, అంటే చేతిలో పట్టే ఇనుప దిమ్మె, ఆనించి, బయట సుత్తితో కొడుతూ రేకును పాత ఆకారానికి తెస్తాం. ఆ పైన పుట్టీ, వాటర్ పేపరు, ప్రైమరు, రంగు, క్లియర్ కోటు. బండి తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి దెబ్బ తగిలిన చోటు కోసం వేలితో తడిమి వెతుకుతాడు. దొరక్కపోతే సంతోషంగా వెళ్లిపోతాడు. ఇన్నేళ్లలో వందల కార్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఏ ఒక్కదాని మీదా నా చెయ్యి గుర్తు లేదు.

నా చెయ్యి ఉన్నదని చెప్పుకోగలిగిన బండి ఒక్కటే ఉంది. దాని పొడవు 38 సెంటీమీటర్లు.

2021 చలికాలంలో మా గ్యారేజీకి ఒక ఎఫ్‌జే 40 ల్యాండ్ క్రూజర్ వచ్చింది. 1978 మోడల్. యజమాని ఇక్కడి అరబ్బు పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. టొయోటా ఈ బండిని 1960లో మొదలుపెట్టి 1984 వరకు తయారుచేసింది. ఆరు సిలిండర్ల ఇంజను, దళసరి చట్రం, ముందుకు మడిచి బానెట్ మీద పడుకోబెట్టగల అద్దం. రోడ్లు సరిగా లేని రోజుల్లో ఇసుకలో పోవడానికి వీళ్లు నమ్ముకున్నది దీన్నే. అందుకే ఇప్పటికీ ఆ బండి కనపడితే ఇక్కడి ముసలివాళ్లు ఆగి చూస్తారు.

నాలుగు నెలలు నేను దాని తుప్పు తీశాను. సముద్రపు గాలికి ఆ బండి ఎక్కడెక్కడ తుప్పు పడుతుందో ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. అద్దం ఫ్రేములో రబ్బరు కింద, పైకప్పు అంచు కాలువలో, ముందు మడ్‌గార్డుల అడుగున, వెనక తలుపుల కింది సిల్లులో. పెద్దాయన ప్రతి గురువారం సాయంత్రం వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కడక్ చాయ్ తాగుతూ కూర్చునేవాడు. హిందీ బాగా వచ్చు. "మెల్లగా చెయ్యి, తొందర లేదు" అనేవాడు. గ్యారేజీలో ఆ మాట అన్న కస్టమర్‌ను నేను ఇంకొకరిని చూడలేదు.

బండి వెళ్లిపోయే ముందు రోజు రాత్రి, ఓవర్‌టైం అయ్యాక, టేపు పెట్టి దాన్ని మొత్తం కొలిచాను. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ 228 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు 166, ఎత్తు 195. పదో వంతు సైజులో చేయాలని అప్పుడే అనుకున్నాను. లెక్క సులువు, సెంటీమీటరును మిల్లీమీటరు అనుకుంటే చాలు.

రేకు కొనలేదు. మా పెయింటర్లు ఖాళీ చేసే థిన్నర్ డబ్బాలు ఉన్నాయి కదా, నలుచదరంగా, తగరం పూత ఉన్న పల్చటి రేకు. మాటు, అంటే సోల్డరింగ్ అతుకు, బాగా పడుతుంది. కారు బాడీ రేకు దీనికి రెండింతల పైన మందం, ఇంత చిన్న బండికి పనికిరాదు. రేకు సంగతి నాకు గ్యారేజీలో తెలిసింది కాదు. మా బాపు కోరుట్లలో ట్రంకు పెట్టెలు చేసేవాడు. పెళ్లి పెట్టెలు, బడి పిల్లల పెట్టెలు, ధాన్యం డబ్బాలు. సూట్‌కేసులు వచ్చాక ఆ పని పోయింది, నేను దుబాయి బాట పట్టాను. మా దగ్గర ఏ గల్ఫ్ దేశానికి పోయినా దుబాయి పోయిండనే అంటారు.

మొదటి బాడీకి మూడు నెలలు పట్టింది. శుక్రవారాలు, రాత్రులు. సజ్జాలోని లేబర్ క్యాంపులో మా రూముకు ఎనిమిది మందిమి, మంచం మీద మంచం. నాది కింది మంచం కాబట్టి కింద ఒక అట్టపెట్టెకు చోటుంది. బాడీ పూర్తయ్యాక అందరికీ చూపించాను. మెట్‌పల్లి అన్న అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచిగున్నది తమ్మీ. మీ బాపు చేసిన పెట్టె లెక్కనే ఉన్నది" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్న చెప్పింది నిజం. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, అది మాత్రం బండి కాదు, పెట్టె.

తప్పు ఎక్కడుందో వెంటనే తెలియలేదు. విమానాశ్రయం దారిలో పాత కార్ల మ్యూజియం ఉంది, ఒక సెలవు రోజు అక్కడికి వెళ్లాను. కార్ల పేర్లు చదవలేదు, బానెట్ల మీద పడిన లైట్ల నీడలు చూస్తూ తిరిగాను. డెంటర్లం డెంటు ఉన్నదీ లేనిదీ అట్లాగే చూస్తాం. ట్యూబ్‌లైటు గీత రేకు మీద ఎట్లా వంగుతుందో చూస్తే దెబ్బ ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ నాకు అర్థమైంది. చదునుగా కనపడే రేకు కూడా చదునుగా ఉండదు. నడుమ కొంచెం ఉబ్బు ఉంటుంది. ఎఫ్‌జే 40 చూడటానికి నలుచదరపు బండే, కానీ దాని బానెట్‌కూ ఆ ఉబ్బు ఉంది. నాలుగు నెలలు దాని మీద అరచెయ్యి పెట్టి రుద్దినవాణ్ని. చేతికి తెలిసిన సంగతి టేపుకు తెలియలేదు.

అంత చిన్న రేకుకు ఉబ్బు తేవాలంటే మా డాలీలు పనికిరావు. మా ఫోర్‌మన్ పెషావర్ పఠాన్, అందరికీ ఉస్తాద్. ఏమీ అడగకుండా పాత ఇంజను వాల్వు ఒకటి తెచ్చి బెంచీ మీద పెట్టాడు. దాని గుండ్రటి తలను వైస్‌లో బిగిస్తే చిన్న దాగలి అవుతుంది. పెద్ద బేరింగు గుండు ఒకటి డాలీ అయింది. ఊరికి సెలవు మీద పోయిన మెట్‌పల్లి అన్న తిరిగి వచ్చేటప్పుడు బాపు తన చిన్న రేకు కత్తెర పంపాడు, గుడ్డలో చుట్టి. మూల తిరిగే చోట కత్తిరించడానికి దాన్ని మించింది లేదు. పాత బాడీని చెత్తలో వేసి మళ్లీ మొదలుపెట్టాను.

మాటు వేయడం ఇంకో బాధ. ఒక అతుకు వేస్తుంటే పక్కన నిన్న వేసిన అతుకు వేడికి కరిగి ఊడేది. అద్దం ఫ్రేము నాలుగుసార్లు ఊడింది. తడి దూది చుట్టి, క్లిప్పులు పెట్టి వేడిని ఆపడం నేర్చుకున్నాను. ఇదంతా గ్యారేజీలోనే, డ్యూటీ అయ్యాక. రూములో మాటు కట్టె వేడి చేస్తే నిప్పు భయమని క్యాంపు సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిందే న్యాయం. ఎనిమిది మంది పడుకునే రూము అది.

2023 జూన్‌కు బాడీ, తలుపులు, బానెట్, మడిచే అద్దం అన్నీ సిద్ధం. ప్రైమర్ కొట్టాను. పై రంగు ఇసుక రంగు, టొయోటా వాళ్లు డ్యూన్ బేజ్ అనే పేరు పెట్టింది. పైకప్పు తెలుపు. పెద్దాయన బండికి కలిపిన రంగే కొంచెం డబ్బా అడుగున దాచి ఉంచాను. రంగు ఆరాక దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఫొటో తీసి ఇంటికి పంపాను.

ఆగస్టు వచ్చింది. షార్జా ఆగస్టు గురించి ఇక్కడ పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండుకు కూడా గాలి తడిగుడ్డలా ముఖానికి అతుక్కుంటుంది. ఒక శుక్రవారం అట్టపెట్టె తెరిస్తే, ఎడమ సిల్లు మీద ఆవగింజంత బొబ్బ కనపడింది. గోటితో నొక్కితే పగిలి, కింద గోధుమరంగు పొడి వచ్చింది. తుప్పు. పక్కన ఇంకొకటి. తిప్పి చూస్తే ప్రతి అతుకు వెంట బొబ్బలే.

పన్నెండేళ్లు తుప్పు తీసి అన్నం తిన్నవాణ్ని. నా సొంత బండికి తుప్పు పట్టింది. ఎవరికీ చెప్పలేదు, మూత పెట్టి మంచం కిందికి తోసేశాను. వారం దాకా దాని వైపు చూడలేదు.

తర్వాత బాపుకు ఫోన్ చేశాను. బొబ్బలు ఎక్కడెక్కడ లేచాయో విని ఒకటే అడిగాడు.

"మాటేసినంక సోడా నీళ్లతోటి కడిగినవా?"

"లేదు బాపు. గుడ్డతోటి తుడిచిన."

"తుడిస్తే పోతదా? యాసిడ్ సందులల్ల ఉంటది. అది తింటనే ఉంటది."

మాటు అంటుకోవాలంటే ముందు రేకుకు యాసిడ్ పూస్తాం. పని అయ్యాక అది పూర్తిగా పోవాలి. చిన్నప్పుడు బాపు పక్కన తినే సోడా కలిపిన వేడినీళ్ల తొట్టి పట్టుకుని కూర్చున్నది నేనే. అతుకు మీద ఆ నీళ్లు పోస్తే బుసబుస నురగ వచ్చేది. నురగ ఆగేదాకా పోయమనేవాడు. అది నాకు ఆట అనుకున్నాను, అందులో ఉన్న పని చూడలేదు.

రంగు మొత్తం గీకేశాను. తుప్పు రేకులోకి దిగిన చోట, ఎడమ సిల్లు వెనక మూల, పాత ముక్క కోసి కొత్తది వేశాను. ప్రతి అతుకును సోడా నీళ్లతో మూడేసి సార్లు కడిగాను, పళ్ల బ్రష్షుతో రుద్దాను. పెయింట్ బూత్ వేడికి ఒక రాత్రంతా ఆరనిచ్చాను. ఆ పైన ఎపాక్సీ ప్రైమర్. ఈసారి చలి వచ్చేదాకా పై రంగు కొట్టకూడదని అనుకున్నాను. చలి వచ్చాక గ్యారేజీలో పని ఎక్కువై, కొట్టడం కుదరలేదు. అది కూడా మంచికే అయింది.

ఈ లోపల మిగతావి చేశాను. టైర్లకు లారీ ట్యూబు రబ్బరు బిళ్లలు కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, డ్రిల్ మిషన్‌కు బిగించి తిప్పుతూ పేపరుతో నున్నగా చేశాను. సిగ్నల్ లైట్లకు పగిలిన ఇండికేటర్ ముక్కలు. మా గ్యారేజీలో వాటికి కరువు లేదు. సీట్లు మా రూములో సిరిసిల్ల తమ్ముడు కుట్టాడు. మరమగ్గాల మీద పనిచేసి వచ్చిన పిల్లవాడు, సూది పట్టుకుంటే ఆ వేళ్లు వేరేగా కదులుతాయి. అంగుళమంత సీటుకు అంచు కుట్టు కూడా వేశాడు.

2024 ఏప్రిల్ 16, మంగళవారం. ఆ రోజు వాన గురించి అందరూ విన్నదే. 1949లో లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో అంత వాన పడలేదన్నారు. అల్ ఐన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254 మిల్లీమీటర్లు. మా గ్యారేజీలోకి మోకాళ్ల లోతు నీళ్లు వచ్చాయి. బండి పెట్టె బెంచీ కింది అరలో ఉంది. రెండు రోజుల తర్వాత లోపలికి వెళ్లగలిగాం. అట్టపెట్టె నాని ముద్దయింది. సీట్లు బూజు వాసన, టైర్ల బిళ్లలు జిగురు వదిలి విడిపోయాయి.

బాడీని కుళాయి కింద కడిగి వెలుతురులో పెట్టి చూశాను. అతుకుల వెంట వేలు పోనిచ్చాను. ఒక్క బొబ్బ లేదు. పక్కన ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. "పక్కా కామ్" అన్నాడు, అంతే.

ఆ తర్వాత మూడు నెలలు ఊపిరి తీసుకునే టైం లేదు. మునిగిన కార్లు వరసగా వచ్చాయి. సీట్లు ఊడదీసి, కార్పెట్లు పీకి, బురద కడిగి ఆరబెట్టడమే పని. ఓవర్‌టైం డబ్బులు బాగానే వచ్చాయి. చెల్లె పెళ్లి బాకీలో పెద్ద ముక్క అప్పుడే తీరింది. కానీ ఆ కార్లలో పిల్లల చెప్పులు, స్కూలు పుస్తకాలు దొరికేవి. వాటిని ఎండలో ఆరబెట్టి యజమానులకు ఇచ్చేవాళ్లం.

సిరిసిల్ల తమ్ముడు సీట్లు మళ్లీ కుట్టాడు. డిసెంబరులో, గాలి పొడిగా ఉన్న ఒక రాత్రి, డ్యూన్ బేజ్ కొట్టాను. మూడు పల్చటి కోట్లు, మధ్యలో 2000 నంబరు పేపరు.

2025లో సెలవు దొరికింది. బండిని లుంగీలో చుట్టి, చేతి సంచిలో పెట్టుకున్నాను. ఏడు కిలోలు దాటకూడదు, కాబట్టి ఆ సంచిలో ఇంకేమీ సర్దలేదు. ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర ఆపి తెరవమన్నారు. లుంగీ విప్పాను. ఆ సెక్యూరిటీ అరబ్బు కుర్రాడు చూసి, ఇంకొకతన్ని పిలిచాడు. ఇద్దరూ వంగి చూశారు. ఏదో మాట్లాడుకుని, తనే లుంగీ మళ్లీ చుట్టి చేతికిచ్చాడు.

బాపుకు ఇప్పుడు చూపు తగ్గింది. వాకిట్లో కుర్చీలో కూర్చుని బండిని ఒళ్లో పెట్టుకున్నాడు. రంగు చూడలేదు. ముందు దాన్ని తలకిందులు చేశాడు. అడుగున అతుకుల వెంట బొటనవేలి గోరు మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఎడమ పక్క వెనక మూల దగ్గర ఆగాడు.

"ఈడ రేకు మార్చినవు."

"అవు బాపు."

"సోడా నీళ్లు వోసినవా?"

"నురగ ఆగేదాకా పోసిన."

తల ఊపాడు. బండిని సరిగ్గా నిలబెట్టి, ముందు అద్దాన్ని వేలితో బానెట్ మీదికి మడిచాడు, మళ్లీ లేపాడు, మళ్లీ మడిచాడు. అమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. అది చల్లారిపోతున్నా చూడలేదు. కాసేపటికి చెయ్యి చాచాడు.

"నా కత్తెర తెచ్చినవా?"