కావలి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి: కిలోమీటర్ల లెక్క వేరు, గంటల లెక్క వేరు

చెల్లి పురుడికని అమ్మని తీసుకుని మొన్న జూన్‌లో అమెరికా పోయాను. ఊళ్ళో ఎవరు కనపడినా ఒకటే మాట, ఎన్ని గంటలు పడుద్దంట అని. నెట్‌లో చూస్తే చెన్నై నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరుగా సుమారు 13,900 కిమీ, గంటకి 900 చొప్పున వేసుకుంటే పదిహేనున్నర గంటలు, అంతేగా అనిపిస్తుంది. కానీ చెన్నై నుంచి నేరుగా ఫ్లైట్ లేదు కదా, మేం దుబాయ్ మీదుగా పోయాం, చెన్నై–దుబాయ్ 2,900, అక్కడ్నుంచి ఇంకో 13,000, అంతా కలిపి దాదాపు 16,000 కిమీ.

సాయంత్రం ఆరింటికి కావలిలో కారెక్కాం. నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాకా హైవే మీద సాఫీగానే పోయింది, రెడ్‌హిల్స్ కాడ లారీల మధ్య ఇరుక్కున్నాక మాత్రం బండి కదిలితే ఒట్టు, మీనంబాకంలో ఉన్న చెన్నై ఎయిర్‌పోర్ట్ చేరేసరికి రాత్రి పదకొండు. 230 కిమీకి అయిదు గంటలు, అదే చెన్నై నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలే!

దుబాయ్‌లో పొద్దున తొమ్మిదింటికి ఎక్కింది పదహారు గంటల ఫ్లైట్. ముందు సీటు స్క్రీన్ మీద మ్యాప్ పెట్టుకుని కూర్చున్నాం, విమానం ఇరాన్ దాటి పైపైకే పోతా ఉంది. "ఏందిరా అబ్బయా, అమెరికా పడమర గదా, ఇది ఉత్తరానికి పోతా ఉండాదేంది?" అంది అమ్మ. దుబాయ్ 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమర మీద, రెండూ కలిపితే 177, అంటే భూమికి దాదాపు ఇటు పక్క ఒకటి అటు పక్క ఒకటి, అందుకే దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్కనించే పోతుంది. భోజనంలో ఇచ్చిన కమలాపండు మీద వేలితో గీసి చూపిస్తే అమ్మకి టక్కున అర్థమైపోయింది.

తర్వాత లైట్లు ఆపేసి కిటికీలు మూయించారు. అమ్మ తెర కాస్త పైకెత్తి చూస్తే కింద కనుచూపు మేరా తెల్లటి మంచు, మధ్యలో నల్లటి చీలికలు, ఆ చీలికల్లో కనపడేదే సముద్రం. జూన్‌లో అక్కడ పొద్దు గూకదు, మా దారిలో రాత్రనేదే రాలేదు, అమ్మ నిద్ర మానేసి దాన్నే చూస్తా కూర్చుంది. దిగితే అదే రోజు మధ్యాహ్నం రెండు, గడియారం ప్రకారం అయిదు గంటలే గడిచినట్టు.

దూరం ఎక్కువైతే టైమ్ కూడా ఎక్కువే అనుకోకండి. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ మీదికి మార్చింది, దూరం 13,900 కిమీ నుంచి 15,300 కిమీకి పెరిగింది, అయినా ముందే దిగింది, పైన పడమటి నుంచి తూర్పుకి వీచే బలమైన గాలి వెనకనించి తోస్తుంది కాబట్టి.

ఇంటి గుమ్మం నుంచి చెల్లి గుమ్మం దాకా మాకు ముప్పై అయిదు గంటల దాకా పట్టింది, అందులో గాల్లో ఉన్నది ఇరవయ్యే. అందుకే పెద్దవాళ్ళకి టికెట్ తీసేటప్పుడు కిలోమీటర్లు కాదు, మధ్యలో ఆగే టైమ్ చూడండి, రెండు గంటల కన్నా తక్కువుంటే వద్దు, వీల్‌ఛెయిర్ బుకింగ్‌లోనే అడిగేయండి, దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడక చాలా ఉంటుంది.